తెలుగు క్రైస్తవ బాలశిక్షలో నరకభయము

తెలుగు బైబిలును పదదృష్టితో జదువువారికి మొదటనే గోచరించు విశేష మొకటి కలదు. మృతుల నివాసమును, పాపులకు గలుగు శిక్షాస్థానమును దెలుపుటకు అందు ముఖ్యముగా మూడు పదములు వాడబడినవి: పాతాళము, నరకము, అగ్నిగుండము. ఈ మూడింటిలో నొకటియు భాషాంతరీకర్తలు క్రొత్తగా గల్పించినది కాదు. మూడును పురాణములలోను, పల్లెజాతరలలోను, ముత్తవల మాటలలోను అదివరకే స్థిరపడి, తమ తమ అర్థములను వెంట గొనివచ్చినవే. అట్టి పదములు క్రైస్తవబోధలో బ్రవేశించి పసిపిల్లల మనస్సులపై నేమి పని చేసినవను విషయ మిచ్చట విమర్శింపబడుచున్నది.

ఇది గతకాలపు ముచ్చట మాత్రమే కాదు. హైదరాబాదునకు పడమట మాదాపురమున 1998 నవంబరు 22వ తేదీని సైబర్ టవర్స్ భవనము ప్రారంభింపబడిన పిదప, కొండాపురము, గచ్చిబౌలి, హఫీజ్‌పేట, మియాపురము మొదలగు గ్రామములు నగరములో గలిసిపోయినవి. గుంటూరు, ఒంగోలు, కాకినాడ, నల్లగొండ ప్రాంతములనుండి వచ్చి కంప్యూటరు సంస్థలలో ఉద్యోగించువారిలో క్రైస్తవ కుటుంబములును గలవు. తాతల కాలమున లూథరను, బాప్తిస్టు, మెథడిస్టు, కతోలిక సంఘములుగా వేరువేరు జిల్లాలలో నున్నవారు ఇచ్చట నొకే అపార్ట్‌మెంటు మెట్లమీద నెదురుపడుచున్నారు. బిడ్డకు నరకమును గూర్చి చెప్పవలెనా వలదా, చెప్పినచో ఎన్నవయేట జెప్పవలెను అను ప్రశ్న ఆ యిండ్లలో భార్యాభర్తల నడుమ, అత్తాకోడండ్ర నడుమ నిజముగనే పుట్టుచున్నది. ఒక్కొక్కరు ఒక్కొక్క సంప్రదాయమునుండి వచ్చినవారగుటచే సమాధానములును భిన్నములు. ఆ భేదము లెక్కడ బుట్టినవో తెలిసికొనుటకు రెండువందల యేబది యేండ్లకు పైబడి వెనుకకు బోవలసియున్నది.

మొదట నరకశబ్దమును జూతము. యాస్కుడు నిరుక్తమున దీనికి క్రిందికి బోవుట యను అర్థమును జెప్పి, రమించుటకు రవంతయు జోటులేనిదను వ్యుత్పత్తినిగూడ వికల్పముగా జూపినాడు. మనుస్మృతి నాలుగవ యధ్యాయమున ఇరువదియొక్క నరకములు పేర్కొనబడినవి. భాగవత పంచమస్కంధమున నా సంఖ్య ఇరువదియెనిమిదికి బెరిగినది. శిక్షలు ఘోరములే. ఐనను వీని కన్నిటికి నొక సామాన్యధర్మము కలదు: అవి అంతము గలవి. పాపఫల మనుభవించిన జీవుడు మరల జన్మ మెత్తును. మన నరకము చెరసాల వంటిది, గడువు తీరినంతనే తలుపు తెరవబడును. కనుకనే తెలుగుతల్లి బిడ్డను యమభటుల పేరు చెప్పి బెదరించినను, ఆ బెదరింపులో నిత్యత్వము లేదు. 'కండ్లు పోవును' అన్న బెదరింపునకును దానికిని బలమున బెద్ద తారతమ్యము లేదనవచ్చును.

పిల్లలకు నరకమును బొమ్మలుగా జూపుట క్రైస్తవులు తెచ్చిన యాచార మని తలచుట పొరపాటు. బాణుడు హర్షచరిత్రమున, రాజధానికి మరలివచ్చు హర్షునకు అంగడివీధిలో గన్పట్టిన యమపట్టికుని వర్ణించినాడు. వాడు పటమును బట్టుకొని పరలోకవృత్తాంతమును జెప్పుచుండ, కుతూహలముతో బిల్లలు చుట్టు మూగియుందురు. ముద్రారాక్షసమున చాణక్యుని చారుడును యమపటమును జేతబట్టియే యిల్లిల్లు తిరుగును. వీథిలో భయమును జూచి, కాసేపు వడకి, పిమ్మట నాటకు బోవు పిల్లల సంతతి మన దేశమున మిక్కిలి ప్రాచీనము.

ఇక మూలభాషలకు వత్తము. హీబ్రూ గ్రంథమున 'షెయోల్' అనునది మృతులందరును, మంచివారును చెడ్డవారును, చేరు మసకచోటు. గ్రీకున దానికి 'హేడీస్' అను పదము వాడబడినది. 'గెహెన్నా' వేరు. అది యెరూషలేమునకు దక్షిణముననున్న హిన్నోము లోయ. పూర్వ మచ్చట మోలెకునకు శిశువులను అగ్నిలో బలియిచ్చిరని యిర్మీయా మొదలగు ప్రవక్తలు నిందించిరి. క్రొత్తనిబంధనలో నీపదము పండ్రెండుమారులు వచ్చును. అందు పదునొకండు క్రీస్తు నోటిమాటలు, తక్కిన యొక్కటి యాకోబు పత్రికలోనిది. శిశువులను దహించిన లోయ పేరు తరువాతి కాలమున శిశువులను భయపెట్టుటకు సాధన మగుట చరిత్రలోని విపరీతములలో నొకటి.

1611 నాటి ఇంగ్లీషు అనువాదకులు హేడీస్, గెహెన్నాలను భేదము పాటింపక 'హెల్' అనియే వ్రాసిరి. షెయోలును సైతము ముప్పదియొక్క చోటుల 'హెల్' అనియు, అన్నియే చోటుల సమాధి యనియు జెప్పిరి. తెలుగువారు వీరికంటె మెలకువతో వ్యవహరించిరని యొప్పుకొనవలెను. గెహెన్నాకు నరకము, హేడీసునకు పాతాళము అని వారు సామాన్యముగా విభజించిరి. కాని పాతాళము మనకు దుఃఖస్థానము కాదు. అది నాగులకు నెలవు, మణికాంతులతో వెలుగు లోకము. దాని పొరుగుననే సుతలమున బలిచక్రవర్తి సుఖముగ నున్నాడు. ఆ పాతాళములో ధనవంతుడు దాహముతో నల్లాడి లాజరు వ్రేలికొన నీటిబొట్టును గోరుట లూకా సువార్తలో జదివిన పండితునకు మొదట వింతగ దోచును. పల్లెలోని పిల్లవానికి మాత్ర మా వింత తోపదు. వానికి పాతాళ మనగా నేలక్రింది చీకటి నూయి, అంతే.

అగ్నిగుండము కథ మరింత వింతైనది. ప్రకటన గ్రంథములోని గంధకముతో మండు మడుగునకును, దానియేలు గ్రంథమున మువ్వురు యువకులను ద్రోసిన కొలిమికిని తెలుగు బైబిలున నీపదమే వాడబడినది. మొదటిదానిలో బడినవానికి విడుదల లేదు. రెండవదానిలో బడినవారికి వెండ్రుకయు గమలలేదు. తెలుగుదేశమున వీరభద్రుని యుత్సవములలో నిప్పులగుండము ద్రొక్కు భక్తులను జూచినవారికి అగ్నిగుండమనగా నడచి యావలకు బోదగినదనియే భావము. హైదరాబాదు పల్లెలలో పీరుల పండుగనాటి అలావాయు నట్టిదే. కావున తెలుగు బాలునకు అగ్నిగుండ మను మాటలో భయ మొకపాలు, తప్పించుకొను నాశ యొకపాలు గలిసియే వినబడెను. అనువాదకు లీఫలమును గోరి యా పదమును వాడిరని చెప్పుటకు వీలులేదు. పదములు కొన్నిమారులు తమ పెద్దలకంటె దయ గలవి.

తెలుగున బాలశిక్షకు దొలి గ్రంథము బెంజమిన్ షుల్జ్ వలన గలిగినది. మద్రాసున బనిచేసి తెలుగు నేర్చిన యీ జర్మను మతబోధకుడు, స్వదేశమునకు మరలిన పిదప హాలే నగరమున 1746, 1747 సంవత్సరములలో గొన్ని తెలుగు పుస్తకముల నచ్చొత్తించెను. తెలుగు ముద్రణచరిత్రలో నివియే మొదటివని ప్రసిద్ధి. వానిలో నొకటి మార్టిన్ లూథరు 1529లో రచించిన చిన్న ప్రశ్నోత్తరిక. దానిని శ్రద్ధతో బరికించినచో నొక సంగతి స్పష్టమగును. పది యాజ్ఞలకును లూథరు వ్రాసిన వివరణము లన్నియు దేవునికి భయపడి ఆయనను బ్రేమింపవలెనను పల్లవితోనే మొదలగును. భయ మున్నది, కాని అది దేవునియెడ భయము, దాని ప్రక్కనే ప్రేమ యున్నది. నరకవర్ణన మచ్చట గానరాదు. 1505 జూలైలో స్టాటర్న్‌హైము చెంత పిడుగుపాటునకు జడిసి సన్న్యాసమును మ్రొక్కుకొన్న లూథరు, తన్ను దిన్న భయమును పిల్లలకు బెట్టుటకు నొల్లకుండెనని యూహింపవచ్చును.

ఇచ్చట వ్యాకరణవిషయ మొకటి ప్రసక్తానుప్రసక్తముగా జెప్పదగియున్నది. దైవభీతి యను హీబ్రూ పలుకుబడికి తెలుగు బైబిలున 'భయభక్తులు' అను ద్వంద్వసమాసము నిలిచిపోయినది. మూలమున భక్తిశబ్దము లేదు. తెలుగు నుడికారమే దానిని జేర్చినది. ద్వంద్వమున ఘిసంజ్ఞకమైన పదము ముందు రావలెనని పాణిని శాసనము. పూజ్యమైనది ముందు రావలెనని వార్తికకారుని మతము. ఈ రెండు విధములను జూచినను 'భక్తిభయములు' అనుటయే లక్షణసమ్మతము. ఐనను లోకవ్యవహారము భయమునే ముందుంచినది. లక్షణమున కోడిన భక్తి తెలుగువారి శిక్షలో రెండవదైనను, వెనుదీయక వెంట వచ్చినది. ఇంగ్లీషు చదువులో బెరుగుచున్న మాదాపురపు పిల్లలకు ఆ రెండవ పదము లేదు; వారి పుస్తకములలో భయమొక్కటియే యున్నది.

భయమునందు రెండు తెగలున్నవని పాశ్చాత్యులు చిరకాలము క్రిందనే గుర్తించిరి. అగస్టీను చెప్పిన దృష్టాంతము ప్రసిద్ధము: కులట భర్త వచ్చునేమో యని భయపడును, పతివ్రత భర్త విడిచిపోవునేమో యని భయపడును. మొదటిది దాసభయము, రెండవది శుద్ధభయము. 1551లో ట్రెంటు మహాసభవారు, నరకభయమువలన బుట్టిన పశ్చాత్తాపము అసంపూర్ణమైనను దైవదత్తమే యనియు, పాపసంకీర్తనమునకు మార్గమగుననియు నిర్ణయించిరి. కతోలిక బాలుని శిక్షలో భయమునకు దొరకిన యధికారస్థాన మిది. కాని వారికి నరకమునకును మోక్షమునకును నడుమ మరియొక చోటున్నది. తెలుగు కతోలికులు దానిని 'ఉత్తరించు స్థలము' అందురు. తమిళులనుండి సంక్రమించిన మాట. గడువు గల శిక్ష, బ్రదికినవారి ప్రార్థనలచే మృతుల కుపశమనము: ఈ రెండును పితృకార్యముల నెరిగిన తెలుగువానికి జప్పున మనసున కెక్కును. ప్రొటెస్టంటు లీ స్థలమును ద్రోసిపుచ్చిరి. త్రోసిపుచ్చగా మిగిలినవి రెండే దారులు, రెండును శాశ్వతములు.

పిల్లలకు భయమును ముద్దలుగా దినిపించు ప్రయత్నము ఇంగ్లండు, అమెరికాలలో వేరుగా బెరిగినది. 1671 ప్రాంతమున జేమ్సు జేన్‌వే, బాల్యముననే మృతులైన భక్తశిశువుల చరిత్రల నొక పుస్తకముగా గూర్చెను. 1715లో ఐజాకు వాట్సు పిల్లలకు వ్రాసిన గేయములలో నరకము మాటిమాటికి దొంగిచూచును. 1741 జూలై 8న జొనాథను ఎడ్వర్డ్సు ఎన్‌ఫీల్డులో జేసిన ప్రసంగము, కోపించిన దేవుని చేతిలోని పాపులను గూర్చినది, పెద్దలనే కేకలు పెట్టించినది. పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఫర్నిసు అను కతోలిక గురువు పిల్లల కొరకే నరకదర్శనమును వ్రాసెను. దానిని జదివినచో కఠినహృదయులకును రోత కలుగును. తెలుగుదేశమునకు వచ్చిన దొరలలో బలువు రీ గాలి బీల్చినవారే.

అట్లయ్యును తెలుగునాట జనులు క్రైస్తవమున జేరుటకు నరకభయము ముఖ్యకారణమని చెప్పుట చరిత్రకు విరుద్ధము. ఒంగోలు మిషనును 1866లో ప్రారంభించిన జాను క్లౌ దొర చరిత్రమే యిందులకు దార్కాణము. 1876-78 క్షామమున బకింగుహాము కాలువ పనికి గుత్త తీసికొని ఆయన వేలమందికి గూలి కల్పించెను. కూటికొరకు మతమును జేరిరన్న యపవాదు రాకుండ, క్షామము నడుచుచుండగా బాప్తిస్మముల నిలిపివైచెను. పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మలో వెల్లంపల్లి రేవున నొక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. చేరువారికి విధింపబడిన నియమములు మూడు: ఆదివారము పని మానుట, చచ్చిన పశువు మాంసమును దినకుండుట, విగ్రహములను గొలువకుండుట. ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో బ్రకటించిన గ్రంథమున, ఆ మాదిగలలో గొందరు అదివరకే యోగిగురువుల ననుసరించి ఏకదైవమును వెదకుచుండిరని వ్రాసినది. వారి కావలసినది గౌరవము, చదువు, వినువాడొక దేవుడు. పరలోకమునందలి యగ్నికంటె ఇహలోకమున వెట్టి వారికి దగ్గరిది.

భయము ప్రవేశించినది రెండవతరమున. తండ్రి తనంత నడచివచ్చి చేరెను. కొడుకు ఆ యింటనే పుట్టెను. వానిని లోపలివానిగా నెట్లు నిశ్చయించుట? లూథరను, ఆంగ్లికను, మెథడిస్టు సంఘములలో శిశువునకే బాప్తిస్మ మిచ్చెదరు. ప్రశ్నోత్తరికను వల్లించి పదునాలుగు పదునైదేండ్లకు స్థిరీకరణము పొందుటతో వాని పని ముగియును. వాడు మొదటినుండియు నింటివాడే. బాప్తిస్టులలో నట్లు గాదు. వాడు తన పాపమును దాను గుర్తించి నోట నొప్పుకొన్నంతవరకు వెలుపలనే యున్నట్లు లెక్క. ఎనిమిదేండ్ల బాలుడు తన పాపమును గుర్తించుటెట్లు? అట్టి సందున భయమునకు బని దొరకినది. నెల్లూరు, ఒంగోలు, కాకినాడ, పాలమూరు బాప్తిస్టు కుటుంబములలో 'నేటిరాత్రి నీవు చనిపోయినచో' అను ప్రశ్న పిల్లలకు బరిచితమైనట్లు గుంటూరు లూథరను కుటుంబములలో గాకుండుటకు గారణ మిదియే కావచ్చును. తరువాతి ఉజ్జీవసభలలో నీభేదము చెరిగిపోయి ఆ ప్రశ్న యెల్లరిదైనది.

బొమ్మల చరిత్రయు నిట్టిదే. గోస్నరు 1812లో జర్మనీలో బ్రకటించిన హృదయపటముల పుస్తకము బహుభాషలకు దిగినది. అందు పాపి హృదయమున జంతువులును సైతానును గూర్చుండియుందురు. 1866లో స్పర్జను లండనున మాటలు లేని పుస్తకమును గూర్చి ప్రసంగించెను: నలుపు పాపము, ఎరుపు రక్తము, తెలుపు శుద్ధి. పిదప మూడీ బంగారువన్నెను జేర్చెను, పరలోకమునకు. 1937లో నేర్పడిన బాలసువార్త సంస్థ ఆకుపచ్చను గలిపినది. వేసవి సెలవులలో బైబిలు బడికి బోయిన తెలుగుపిల్ల లనేకు లీపుస్తకము నెరుగుదురు. దానిలో నరకమున కొక పుట లేదు! నలుపు తరువాత నెరుపు వచ్చును, నిప్పు రాదు. నలుపు పుటవద్ద నుపాధ్యాయిని యెంతసేపు నిలుచునో, ఏమి చెప్పునో, అందుమీద నంతయు నాధారపడియున్నది. కావున ఫలానా సంఘము పిల్లలను భయపెట్టును, ఫలానా సంఘము పెట్టదు అని గ్రంథములను జూచి తీర్పు చెప్పుట కష్టము. భయము పుస్తకముకంటె గొంతుకలో నెక్కువగ నుండును.

ఐనను ఒక సంగతిని మరుగుపరుపరాదు. నిత్యనరకమును నమ్మిన పసివాడు అనుభవించు క్లేశము యమపటమును జూచినవాని క్లేశము వంటిది కాదు. మన నరకమునకు నిత్యశబ్దము జేరినపుడు, పేరు పాతదే యైనను వస్తువు మారిపోయినది. జన్మాంతరము నెత్తివైచి శిక్షను మాత్రము నిలిపినచో, వానికి వెనుదారి లేదు. దీపమార్పిన పిమ్మట నిదురరాక, తాను నిజముగ విశ్వసించితినో లేదో యని మరల మరల ప్రార్థించు పిల్లలను గూర్చి తెలిసినవారు దీనిని తేలికగా దీయలేరు.

అంతకంటె లోతుగ గ్రుచ్చుకొను ప్రశ్న మరొకటి కలదు: తాతముత్తాత లేమైరి? ఇది తెలుగువారికే కలిగినది కాదు. 1552లో ఫ్రాన్సిసు జేవియరు వ్రాసిన లేఖలో, జపాను క్రైస్తవులు తమ పితరులకు నరకమునుండి విడుదల లేదని విని కన్నీరు పెట్టిరని యున్నది. ఫ్రీసియను రాజు రాడ్‌బోడును గూర్చిన ఐతిహ్యము మరియు బ్రాచీనము: బాప్తిస్మ తొట్టిలో నొక కాలు పెట్టి, తన పూర్వులెక్కడ నున్నారని యడిగి, నరకమున నని విని కాలు వెనుకకు దీసికొనెనట. స్వర్గారోహణపర్వము నెరిగిన మనవా రీకథకు విస్తుపోరు. తమ్ములును ద్రౌపదియు నున్నచోటే తనకు స్వర్గమని ధర్మరాజు నరకద్వారమున నిలిచిపోయెను గదా.

సైబరాబాదులో నీప్రశ్న పుస్తకములలోనిది గాదు. ఇచ్చట కులాంతర, మతాంతర వివాహములతో నేర్పడిన యిండ్లున్నవి. ఒకవైపు తాత ఆదివారము మందిరమునకు బోవును, రెండవవైపు తాత శనివారము వేంకటేశ్వరుని గొలుచును. ఇద్దరును మనుమరాలిని బడి బస్సువద్దకు జేయిపట్టి తీసికొనిపోవువారే. ఆ పిల్ల ఆదివారపు బడిలో నరకమును గూర్చి విని, ఇంటికి వచ్చి యడుగు మొదటి మాట తన్ను గూర్చినది కాదు, తాతను గూర్చినది. తల్లిదండ్రులు దానికి జెప్పు జవాబులు మూడు విధములు: దేవునికే తెలియుననుట, తాతకొరకు బ్రార్థింపుమనుట, పెద్దయైన పిమ్మట చెప్పెదమనుట. మూడవది జవాబు గాదని పిల్లకును దెలియును.

హైదరాబాదు ప్రాంతమున సంఘముల చరిత్ర యీ కలగలుపునకు దోహదమైనది. 1870 తరువాతి దశకమున అమెరికను బాప్తిస్టులును వెస్లియనులును సికింద్రాబాదున జేరిరి. పోస్నెట్టు దొర మెదకున గట్టించిన దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. అది క్షామకాలమున బనివారికి గూడు పెట్టిన కట్టడమని యిప్పటికి జెప్పుకొందురు. పంజాబునుండి వచ్చిన భక్తసింగు హైదరాబాదున హెబ్రోనును స్థాపించి, అచ్చటనుండియే సంఘములను నడపెను, 2000 సెప్టెంబరులో దేహము చాలించెను. హఫీజ్‌పేటలో వేలమంది కూర్చుండు కాల్వరీ టెంపుల్ మందిరము 2013లో దెరవబడినది. ఒక్క సంఘపు ప్రశ్నోత్తరికయే యొక యూరి పిల్లల నందరిని దీర్చిన దినములు ఈ ప్రాంతమున లేవు. ఒకే బాలుడు ఉదయమున నొక మందిరమునను, సాయంకాలమున ఫోనులో మరియొక బోధకునిని, సెలవులలో అమ్మమ్మను వినుచున్నాడు.

ఆ అమ్మమ్మ నోట నొక మాట యున్నది. అపొస్తలుల విశ్వాసప్రమాణమున, క్రీస్తు మృతినొంది పాతిపెట్టబడిన పిమ్మట దిగిన చోటును ఇంగ్లీషు పూర్వపాఠము 'హెల్' అనియే చెప్పును. తెలుగు ప్రొటెస్టంటు సంఘములలో వల్లించు పాఠమున నా స్థానమున నున్నపదము 'అదృశ్యలోకము'. హేడీసుశబ్దమునకు గ్రీకులు చెప్పుకొనిన వ్యుత్పత్తి కనబడని దనియే. కావున తెలుగుమాట మూలమునకు మిక్కిలి చేరువది. అచ్చటి బందీలకు క్రీస్తు ప్రకటించెనని పేతురు మొదటి పత్రికలో నున్నది. దానినిబట్టియే ప్రాచ్యసంఘములవారు పునరుత్థానపటమున, విరిగిన తలుపులపై నిలిచి ఆదాము హవ్వలను జేయిపట్టి పైకి లాగుచున్న క్రీస్తును జిత్రింతురు. తాతలను గూర్చిన ప్రశ్నకు అది చాలిన సమాధానమో కాదో వేదాంతులు తేల్చుకొందురు గాక. గచ్చిబౌలిలోని ఇంగ్లీషు ఆరాధనలో మనుమరాలు 'హెల్' అని వల్లించు క్షణముననే, ప్రక్కన నిలిచిన అమ్మమ్మ నోటిలోన నల్లన 'అదృశ్యలోకములోనికి' అని చెప్పుకొనుచుండుట యిచ్చట అరుదు గాదు.